ఫొటో చూసి జాకెట్టు కుట్టమంటే...

పొద్దున్నే కుక్కర్ మూడో ఈల వేసే వేళకి నా ఫోన్ కూడా 'టింగ్' మంటుంది. చూస్తే ఓ ఫొటో. దాని కింద ఒకే ఒక్క ముక్క, 'రావట్లేదు' అని. ఏది రావట్లేదు? ఎప్పట్నుంచి రావట్లేదు? ఏం చేస్తే రావట్లేదు? ఏమీ ఉండదు. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం కావడంతో మా చుట్టాలందరి దృష్టిలో నేను కంప్యూటర్ డాక్టర్‌ని. (నేను చేసేది లెక్కలు రాసే పనండీ బాబూ అంటే ఎవరూ నమ్మరు!) పుట్టింటి వైపు నుంచీ, అత్తింటి వైపు నుంచీ, అపార్ట్‌మెంట్లో ఇరుగుపొరుగు నుంచీ ఇలాంటి ఫొటోలు వారానికి నాలుగైనా వస్తుంటాయి.

వాటికి జవాబులు చెప్పీ చెప్పీ నాకో అభిప్రాయం స్థిరపడిపోయింది. ఫోన్ గురించో కంప్యూటర్ గురించో ఎవరినైనా సాయం అడిగేటప్పుడు, తెర మీద కనిపించిన మాటల్ని మాటలుగానే రాసి పంపాలి. ఫొటో గానీ, స్క్రీన్‌షాట్ గానీ ఆ మాటలకి తోడుగా రావచ్చు. వాటి బదులుగా రాకూడదు. 'ఇంతోటి విషయానికి ఇంత ఉపోద్ఘాతమా?' అనుకుంటున్నారా? విషయం చిన్నదే. కానీ దీని మూలంగా డబ్బు పోగొట్టుకోబోయినవాళ్ళని చూశాను. డబ్బుకన్నా ఎక్కువే పోగొట్టుకున్న పిల్లని కూడా చూశాను.

ముందు మా పిన్ని సంగతి చెబుతాను. ఆవిడది తెనాలి. బాబాయి పోయాక ఇంట్లోనే పిండివంటలు చేసి అమ్మడం మొదలుపెట్టింది. పొట్లాల మీద అంటించే చీటీలు తనే కంప్యూటర్లో అచ్చు వేసుకుంటుంది. ప్రింటరేమో మేడ మీద తమ్ముడి కంప్యూటర్‌కి తగిలించి ఉండేది. పిన్ని కింద నుంచే దానికి పంపించేది. 2021లో, సరిగ్గా దసరా ఆర్డర్ల హడావుడిలో, అది కాస్తా మొరాయించింది. మరమ్మతులు చేసే కుర్రాడికి పిన్ని తెర ఫొటో తీసి పంపింది. అతను అది చూసి, 'ప్రింటర్ పోయినట్టుందండీ, కొత్తది కొనుక్కోండి. తొమ్మిది వేలవుతుంది' అన్నాడట. అప్పుడొచ్చింది ఆ ఫొటో నా దగ్గరికి.

ఆ ఫొటో అందం చెప్పొద్దూ! కంప్యూటర్ తెరని ఫోన్‌తో తీసింది. కిటికీ ఊచలు తెర మీద నిలువు చారలుగా పడ్డాయి. ఓ మూల లక్ష్మీదేవి క్యాలెండర్. మధ్యలో పిన్ని నీడ, ఆవిడ చేతిలో ఫోను. ఉన్న చిన్న పెట్టెలో 'ప్రింటర్‌తో కలపలేకపోయాం' అని అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం సగం కనిపిస్తోంది. దాని పక్కన అసలు ముఖ్యమైన నంబరు ఉండాల్సిన చోట ఫ్లాష్ వెలుగు తెల్లగా విచ్చుకుని కూర్చుంది. వాట్సాప్ ఎటూ ఫొటోని కుదించే పంపుతుంది కదా, పెద్దది చేసి చూస్తే వానకి అలుక్కుపోయిన ముగ్గులా ఉంది.

ఫోన్ చేసి, 'ఆ నంబరు చదువు పిన్నీ' అన్నాను.

'సున్నా, ఎక్స్, సున్నా, సున్నా, సున్నా...'

'మొత్తం ఎన్ని సున్నాలు?'

'బోలెడున్నాయే!'

నవ్వాపుకోలేకపోయాను. 'సరే, చూసి ఒక్కో అక్షరమే మెసేజ్‌లో కొట్టి పంపు' అన్నాను. పది నిమిషాలకి వచ్చింది: 0ఎక్స్0000011బి. దాన్ని నెట్‌లో వెతికితే సంగతి తేలిపోయింది. ఆ సెప్టెంబర్‌లో వచ్చిన విండోస్ అప్‌డేట్ తర్వాత, వేరే కంప్యూటర్‌కి తగిలించిన ప్రింటర్‌ని వాడుకునేవాళ్ళకి దేశదేశాల్లో వచ్చిన చిక్కు అది. ప్రింటర్‌కి ఏ రోగమూ లేదు. 'తమ్ముడి చేత దాన్ని కిందికి దింపించి, తీగ నీ కంప్యూటర్‌కే తగిలించు' అన్నాను. సాయంత్రానికి చీటీలు వచ్చేశాయి. పది అక్షరాలు కొడితే తొమ్మిది వేలు మిగిలాయి.

ఆ కుర్రాడిని నేను తప్పుపట్టను. ఆ ఫొటోలో అతనికి కనిపించింది అంతే మరి.

మనం జాకెట్టు కుట్టించుకోవడానికి వెళితే ఏం పట్టుకెళతాం? ఆది జాకెట్టు. దర్జీ ఆవిడ దాన్ని బట్ట మీద పరుస్తుంది, టేపు పెట్టి కొలుస్తుంది, సుద్దతో గీత గీస్తుంది. అలా కాకుండా, మనకి బాగా కుదిరిన జాకెట్టు వేసుకుని ఫొటో దిగి, అది పంపించి 'ఇలా కుట్టు తల్లీ' అంటే? మెడ ఏ మోడలో తెలుస్తుంది. చేతులకి ఏ అంచు వేశారో తెలుస్తుంది. చంక కొలత ఎక్కణ్ణుంచి తేవాలి పాపం?

అక్షరాలుగా పంపిన మాట ఆది జాకెట్టు లాంటిది. ఎదుటివాళ్ళు దాన్ని తీసుకుని వెతకొచ్చు, తమకన్నా తెలిసినవాళ్ళకి అలాగే పంపొచ్చు. ఫొటోలోని మాట కంటికి కనిపిస్తుంది తప్ప చేతికి రాదు. జవాబు చెప్పేవాళ్ళు మళ్ళీ కూర్చుని కొట్టుకోవాలి. సున్నాకీ ఇంగ్లీషు 'ఓ'కీ, ఒకటికీ 'ఎల్'కీ తేడా తెలియక ఒక్కటి తప్పు కొట్టారా, ఇక దారి తప్పినట్టే. ఇంకో సంగతి. పిన్ని నంబరు వెతకగానే ఎందుకు దొరికింది? ముక్కూమొహం తెలియని వాళ్ళెవరో అంతకుముందే ఆ అక్షరాలే కొట్టి, తమ బాధ రాసుకుని ఉండబట్టి. వాళ్ళందరూ కూడా కిటికీ ఊచల ఫొటోలే పెట్టి ఉంటే నాకేం దొరికేది?

'ఇప్పుడు ఫొటోలోంచి అక్షరాలు లాగే సాధనాలున్నాయి కదమ్మా, ఏఐని అడిగితే అదే చదువుకుంటుంది కదా' అంటాడు మా అబ్బాయి. నిజమే. గూగుల్ లెన్స్ 2017లోనే వచ్చింది, నేనూ వాడతాను. శుభ్రమైన స్క్రీన్‌షాట్ ఇస్తే బాగానే లాగుతుంది. కానీ ఫ్లాష్ వెలుగు కింద మాయమైన నంబరుని ఏ సాధనమూ తెచ్చివ్వదు. ఆ పెట్టె రాకముందు నేనేం నొక్కానో ఏ ఏఐకీ ఫొటోలో కనిపించదు. అన్నట్టు, కంప్యూటర్‌లో ఇలా చిన్న పెట్టె తెరుచుకుని ఏదో తప్పని చెప్పినప్పుడు ఓ చిట్కా ఉంది. పెట్టెని మూసెయ్యకుండా కంట్రోల్, సి రెండూ కలిపి నొక్కండి. విండోస్‌లో అలాంటి పెట్టెలు చాలావాటిలో ఉన్న మాటలు మొత్తం కాపీ అయిపోతాయి. మెసేజ్‌లో అతికించడమే. ఎన్నేళ్ళ నుంచో ఉన్న సదుపాయమిది. నాకు చెప్పినవాళ్ళు లేక, కంప్యూటర్ ముట్టుకున్న పదిహేనేళ్ళకి తెలిసింది!

ఆ చిట్కా చెప్పింది మా ఆఫీసులోని ఓ సహోద్యోగి. మా లెక్కల సాఫ్ట్‌వేర్ గురించి అందరికన్నా బాగా తెలిసింది అతనికే. అతనికి చూపు లేదు. తెర మీది మాటల్ని చదివి వినిపించే ఎన్‌విడిఎ అనే సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తాడు. ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ అనే ఆయన, ఆయనకీ చూపు లేదు, 2006లో దాన్ని మొదలుపెట్టాడు. పైసా ఖర్చు లేకుండా ఎవరైనా వాడుకోవచ్చు. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఓ లెక్క తేడా వచ్చి, తెలివిగా స్క్రీన్‌షాట్ తీసి అతనికి పంపాను. కాసేపటికి ఫోన్ చేశాడు. 'మేడమ్, మీరు పంపింది నాకు 'బొమ్మ' అని మాత్రమే వినిపిస్తోంది. అందులో ఏం రాసుందో చెబుతారా?' అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. బొమ్మలోని అక్షరాలు పట్టే ఏర్పాటు అతని దగ్గరా ఉందిగానీ, అంకెల పట్టీలు పెడితే వరసలన్నీ కలగాపులగం అయిపోతాయట. నేను అడుగుతున్నది సాయం. ఆ సాయం చెయ్యగలిగిన మనిషికే అందకుండా ప్రశ్న అడిగాను! ఫోన్ అవతల ప్రశ్న చదివేవాళ్ళకి చూపు ఉందో లేదో, వాళ్ళది పెద్ద తెరో చిన్న తెరో మనకేం తెలుసు?

ఇక ఆ పిల్ల సంగతి. రెండేళ్ళవుతుంది. మా అపార్ట్‌మెంట్లో ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటుంది. మూడో అంతస్తులోకి కొత్తగా వచ్చిన అమ్మాయి ఓ మధ్యాహ్నం గ్యాస్ బుక్ కావడం లేదని స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టింది. సరిగ్గా ఆ క్షణంలోనే ఆమె ఫోన్‌కి ల్యాబ్ నుంచి మెసేజ్ వచ్చినట్టుంది. తెర పైభాగాన అది కూడా ఫొటోలో పడింది. ఏ పరీక్షో ఇంగ్లీషులో పేరుతో సహా ఉంది, 'రిపోర్టు సిద్ధం' అని. ఆమె చూసుకోలేదు. గ్రూపులో అరవై మంది చూశారు. ఆ పేరు తెలిసిన ఒకావిడ ఊరుకోకుండా 'కంగ్రాట్స్ అమ్మా!' అని పూలగుత్తి పెట్టింది. ఆ తర్వాత వరసగా పూలగుత్తులు. ఆ గ్రూపులోనే ఆమె అత్తగారూ ఉన్నారు. ఆమె అప్పటికింకా మొగుడికి కూడా చెప్పలేదు. రిపోర్టు చేతికొచ్చాక చెబుదామనుకుందట.

ఎనిమిదో వారంలో ఆ గర్భం నిలవలేదు. మామూలుగా అయితే ఇంట్లో నలుగురికీ తప్ప తెలియని సంగతి. ఆ అమ్మాయి మాత్రం లిఫ్టులో కనిపించిన ప్రతివాళ్ళకీ, 'ఎన్నో నెల?' అని అడిగినప్పుడల్లా, చెప్పుకోవాల్సి వచ్చింది. ఓ రోజు మా ఇంటికొచ్చి కూర్చుని, 'నేను అడిగింది గ్యాస్ గురించే కదా ఆంటీ' అంది. నేనేం చెప్పలేకపోయాను. ఆ తెర మీద అసలు ఉన్న తప్పు ఏమిటనుకున్నారు? 'ఈ మొబైల్ నంబరు నమోదు కాలేదు.' అయిదు మాటలు.

స్క్రీన్‌షాట్ మనం చూపించాలనుకున్నది మాత్రమే చూపించదండీ. తెర మీద ఉన్నదంతా చూపిస్తుంది. బ్యాంకులో ఎంతుందో, ఖాతా నంబరేమిటో, పైన ఎవరి మెసేజ్ వచ్చిందో, ఒక్కోసారి ఓటీపీతో సహా. అందుకే చాలా బ్యాంకుల యాప్‌లలో స్క్రీన్‌షాట్ తియ్యబోతే కుదరదు, నల్లటి తెర వస్తుంది. 'ఇదేం ఖర్మ, ఫొటో కూడా తియ్యనివ్వడం లేదు' అని విసుక్కుంటాం గానీ, అది మన మేలుకే. డబ్బు వెళ్ళి అవతలివాళ్ళకి చేరలేదనుకోండి, బ్యాంకువాళ్ళకి కావలసింది మన తెర ఫొటో కాదు, ఆ యుపిఐ లావాదేవీకి ఉండే పన్నెండంకెల నంబరు, తేదీ, మొత్తం. అవి కాగితం మీద రాసుకుని చెప్పొచ్చు. ఇక సాయం చేస్తామంటూ వాళ్ళంతట వాళ్ళే ఫోన్ చేసి, 'మీరు చెబితే అర్థం కావడం లేదు మేడమ్, ఫలానా యాప్ వేసుకుని మీ స్క్రీన్ షేర్ చెయ్యండి' అనేవాళ్ళున్నారే, వాళ్ళ మాట వినగానే ఫోన్ పెట్టెయ్యాలి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే 1930కి ఫోన్ చెయ్యడంలో ఒక్క గంట కూడా ఆలస్యం చెయ్యకూడదు.

ఇంతా చెప్పి స్క్రీన్‌షాట్ పనికిరాదంటున్నానా? అబ్బే! మెడ మోడల్ చెప్పాలంటే ఫొటోనే కావాలి కదా. ఎవడైనా పాడు మెసేజ్‌లు పెట్టి వేధిస్తున్నాడనుకోండి, ముందు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, అతని నంబరూ తేదీ కనిపించేలా. పంపినవాడు పంపినదాన్ని రెండు వైపులా చెరిపెయ్యగల కాలమిది. అసలు మెసేజ్‌ని మాత్రం మీరు చెరపకండి. బొమ్మ ఒక్కటే ఉంటే పోలీసులకీ కోర్టుకీ సరిపోకపోవచ్చు.

మన తెలుగు విషయంలోనూ ఫొటో తప్పని చోట్లున్నాయి. వత్తులు విడిపోయి, గుణింతాలు ఎక్కడివక్కడ చెల్లాచెదురైన వాక్యాన్ని కాపీ చేసి పంపితే అవతలి ఫోన్‌లో అది చక్కగా కనిపించొచ్చు. 'బాగానే ఉందిగా' అనేస్తారు! అక్కడ జబ్బు అక్షరంలో లేదు, మన తెర మీద ఉంది. అది చూపించాల్సిందే. 2018 ఫిబ్రవరిలో ఓ విచిత్రం జరిగింది, గుర్తుందా? మన తెలుగు 'జ్ఞా' అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో ఐఫోన్‌కి వస్తే చాలు, ఆ మెసేజ్‌ల యాప్ కూలబడిపోయేది. ఆపిల్ కంపెనీ ఆ నెలలోనే అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. ఈలోగా ఆ అక్షరం ఏమిటో లోకానికి చెప్పాలంటే బొమ్మగా చూపించడమే క్షేమం, అక్షరంగా పంపితే చదివేవాళ్ళ ఫోనూ పడకేస్తుంది! జ్ఞానంలోని 'జ్ఞా' అన్ని ఫోన్లని పడగొట్టిందని అప్పట్లో మా ఇంట్లో తెగ నవ్వుకున్నాం.

'ఇదంతా చదువుకున్నవాళ్ళకి. ఇంగ్లీషు రాని మా అమ్మ ఆ ఎర్ర అక్షరాల్ని ఏం చూసి కొడుతుంది?' అని మీరు అడగొచ్చు. సరైన ప్రశ్నే. మా అత్తగారికి నేనే స్క్రీన్‌షాట్ తియ్యడం నేర్పాను. పవర్ బటనూ, సౌండ్ తగ్గించే బటనూ కలిపి నొక్కమని. ఆవిడకి అది పెద్ద ఊరట. కానీ దాంతోపాటు ఇంకోటి కూడా నేర్పాను. ఫొటో కింద తెలుగులో, తన మాటల్లో, మూడు ముక్కలు రాయడం. రాయలేకపోతే కీబోర్డులో మైకు బొమ్మ నొక్కి చెబితే చాలు. గూగుల్ 2017 నుంచీ తెలుగు మాటని విని రాసిపెడుతోంది. ఆవిడ మొన్న పంపిన మెసేజ్ ఇదీ: 'కరెంటు బిల్లు కడదామని తెరిచా. సర్వీసు నంబరు కొట్టి కింద పచ్చది నొక్కా. ఎర్రగా ఏదో వచ్చి పోయింది. పోయిన నెల బానే కట్టా.' ఇంగ్లీషు ఒక్క ముక్క లేదు. అయినా నాకు సగం పని అయిపోయింది. ఇంగ్లండ్‌లో సైమన్ టాథమ్ అనే ప్రోగ్రామర్ 1999లో ఇదే విషయం మీద ఓ పెద్ద వ్యాసం రాశాడు. ఏం చేశారు, ఏం జరుగుతుందనుకున్నారు, ఏం జరిగింది, తెర మీద వచ్చిన మాటలూ నంబర్లూ ఉన్నవి ఉన్నట్టుగా చెప్పండని దాని సారాంశం. మా అత్తగారు ఆ వ్యాసం చదవలేదు గానీ ఆమె మెసేజ్ చూపిస్తే ఆయన సంతోషించేవాడు.

ఇక్కడ నాకో కోపం ఉంది, అదీ చెప్పేస్తాను. చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు 'ఏదో అయింది' అని ఫోన్ అందిస్తారు. మొగుడో కొడుకో దాన్ని లాక్కుని, నాలుగు చోట్ల టకటకా నొక్కి, 'అయిపోయింది, ఫో' అని తిరిగి ఇస్తారు. ఏమైందో చెప్పరు. ఆవిడా అడగదు. పై నెల మళ్ళీ అదే తంతు. వట్టి ఫొటో పంపడం కూడా ఆ ఫోన్ అందివ్వడం లాంటిదే. 'నాకేం తెలియదు, నువ్వే చూసుకో' అన్నట్టు. రాయడానికి కూర్చుంటే మాత్రం ఏం నొక్కామో మనమే గుర్తు చేసుకోవాలి. పోయినేడు రైలు టికెట్ల కోసం లాగిన్ కాక, మా అబ్బాయికి రాద్దామని మొదలుపెట్టాను. 'పేరు కొట్టాను, పాస్‌వర్డ్ కొట్టాను' అని రాస్తూ చూద్దును కదా, పేరు చివర ఫోన్ తనంతట తనే ఓ ఖాళీ జాగా వేస్తోంది! అది చెరిపేశాను, తెరుచుకుంది. మెసేజ్ పంపనే లేదు. వాడికి ఇప్పటికీ తెలియదు.

జవాబు చెప్పేవాళ్ళకీ ఓ మాట. 'ఈ దిక్కుమాలిన ఫొటోలు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?' అని కసిరితే, అడిగిన ఆవిడ రెండోసారి అక్షరాల్లో అడగదు. అసలు అడగడమే మానేస్తుంది. 'ఆ పెట్టెలో ఉన్నది కొట్టి పంపుతారా అక్కా' అంటే పోయేదేముంది? మా పిన్నికి ఎన్ని సున్నాలో లెక్కపెట్టే ఓపిక నేను నవ్వుతూ అడగబట్టే వచ్చింది.

ఆ పిన్నే ఈ మధ్య నా మీద పగ తీర్చుకుంది. మొన్న సంక్రాంతికి అరిసెలు వండబోతే నూనెలో వెయ్యగానే అన్నీ విడిపోయాయి. మూకుడు పొయ్యి మీద ఉండగానే గబగబా ఫొటో తీసి, 'పిన్నీ, ఇలా అవుతున్నాయి' అని పంపాను. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది, చక్కగా అక్షరాల్లో: 'నీ మూకుడు ఫొటో చూస్తే నాకేం తెలుస్తుందే? పాకం లేతగా ఉండగా దింపావా, ముదరనిచ్చావా? పిండి తడిదా, ఆరిపోయిందా? బెల్లం ఎంత వేశావు? అన్నీ వరసగా రాసి పంపు. ఈలోగా పొయ్యి కట్టెయ్.'